చిన్న శాకాహార డైనోసార్ శిలాజాన్ని చదవడం ఎలా: పన్ను మొదలు బొరియ దాకా

డైనోసార్ అనగానే మనకు ఇల్లంత జంతువే గుర్తొస్తుంది. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరం ముందు మెడ ఎత్తి నిలబడినవాళ్లకు మరీను. కానీ డైనోసార్ల కాలంలో మేకంత, కుక్కంత, కొన్నయితే కోడిపెట్ట కన్నా తేలికగా ఉండి ఆకులూ మొలకలూ తిని బతికినవి కూడా ఉన్నాయి. వాటి గురించి తెలుగులో రాసింది చాలా తక్కువ. నాకు మాత్రం పెద్దవాటి కన్నా వీటి శిలాజాలే ఎక్కువ ఆసక్తి. ఎందుకంటే ఇక్కడ సాక్ష్యం ఎప్పుడూ చారెడే ఉంటుంది. ఆ చారెడుతో ఎంతవరకు చెప్పవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది నేర్చుకోవలసిన విద్య.

"చిన్న శాకాహార డైనోసార్ శిలాజం దొరికింది" అనే వార్తలో మూడు మాటలున్నాయి: చిన్నది, శాకాహారి, డైనోసార్. మూడింటికీ వేరువేరు రుజువులు కావాలి. ఒకదాని రుజువు ఇంకోదానికి పనికిరాదు. ఈ మార్గదర్శి అంతా ఆ మూడు మాటలను విడదీసి పరీక్షించడం గురించే. మ్యూజియంలో శిలాజం చూస్తున్నా, పరిశోధన వార్త చదువుతున్నా, గోదావరి లోయలో రాళ్ల మధ్య నడుస్తున్నా ఇదే వరస పనికొస్తుంది.

అడుగు 1: ఎముక కన్నా ముందు రాయిని అడగండి

శిలాజం ఏ రాతిపొరలోంచి వచ్చిందో తెలియకపోతే దాని విలువ సగం పోయినట్టే. ముందు రాయి రకం చూడండి: ఇసుకరాయా, బురద గట్టిపడిన రాయా, సున్నపురాయా? బురదరాయిలో అయితే చిన్న ఎముకలు నలగకుండా మిగిలే అవకాశం ఎక్కువ. వేగంగా పారే ఏరు తెచ్చిన ముతక ఇసుకలో పలచని ఎముకలు అరిగిపోతాయి.

చిన్న జంతువుల శిలాజాలు తక్కువగా దొరకడానికి మొదటి కారణం ఇదే. ఎముక గోడ పలచన, నక్కలాంటివి నమిలేస్తాయి, ఎండకూ వానకూ త్వరగా చిట్లిపోతుంది. పైగా చాలాకాలం వెతికేవాళ్ల కళ్లు పెద్ద ఎముకల మీదే ఉండేవి. కాబట్టి ఒక చోట చిన్నవి దొరకలేదంటే అక్కడ అవి లేవని అర్థం కాదు.

దీనికి ఎదురు ఉదాహరణ ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని ఐల్ ఆఫ్ వైట్ దీవి. అక్కడ సముద్రపు అలలు కొండ అంచును కోస్తూ ఉంటాయి. ఆ అంచులో సుమారు మీటరు మందమున్న ఒకే పొరలోంచి హిప్సిలోఫోడాన్ అనే చిన్న డైనోసార్ అస్థిపంజరాలు పదేపదే బయటపడ్డాయి, కొన్ని కీళ్లు కూడా విడిపోకుండా. సుమారు 12 కోట్ల 50 లక్షల ఏళ్ల నాటివి. జంతువు పొడవు ముక్కు నుంచి తోక కొస దాకా రెండు మీటర్లలోపే, అందులో సగం తోకే. చిన్న శాకాహార డైనోసార్ల గురించి మనకు తెలిసినదాంట్లో పెద్ద భాగం ఈ ఒక్క జంతువు ఎముకల మీద తప్పులు చేసి, దిద్దుకుని నేర్చుకున్నదే. అందుకే కింద దీని ప్రస్తావన మాటిమాటికీ వస్తుంది.

అడుగు 2: పళ్లు పట్టి చూడండి

పశువుల సంతలో ఎద్దును కొనే రైతు ముందు నోరు తెరిచి పళ్లు చూస్తాడు. శిలాజాల దగ్గరా అంతే. పన్ను మీది ఎనామిల్ శరీరంలోకెల్లా గట్టి పదార్థం, మిగతా అస్థిపంజరం పొడి అయిపోయినా పన్ను మిగులుతుంది. పైగా డైనోసార్లకు జీవితమంతా పాత పళ్లు ఊడి కొత్తవి వస్తూనే ఉండేవి. ఒక్క జంతువే నేల మీద ఎన్నో పళ్లు వదిలిపోయేది.

పది రెట్లు పెద్దగా చూపే లెన్స్ చాలు. ఈ నాలుగూ చూడండి.

మొదటిది ఆకారం. మాంసాహారి పన్ను వెనక్కి వంగిన కత్తిలా ఉంటుంది. ఆకులు తినేదాని పన్ను పైభాగం వెడల్పై, చిన్న ఆకులాగో ఉలిలాగో ఉంటుంది, వేరు దగ్గర నడుములా సన్నబడుతుంది.

రెండోది అంచు. మాంసాహారి పన్ను అంచున సన్నని రంపపు నొక్కులు అంచుకు అడ్డంగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. శాకాహారి పంటి నొక్కులు ముతకగా, తక్కువగా, పంటి కొసవైపు ఏటవాలుగా ఉంటాయి. ఈ రోజుల్లో ఆకులు తినే ఇగువానా తొండ పళ్లు కూడా ఇలాగే ఉంటాయి. 1825లో ఇంగ్లండ్ వైద్యుడు గిడియన్ మాంటెల్ తనకు దొరికిన పళ్లకు ఇగువానోడాన్ అని పేరు పెట్టింది ఈ పోలిక చూసే.

మూడోది అరుగుదల. నాకు అన్నిటికన్నా నమ్మకమైన సాక్ష్యం ఇదే. ఆకారం తాతముత్తాతల నుంచి వచ్చేది, అరుగుదల మాత్రం ఆ జంతువు బతికినన్నాళ్లూ చేసిన పని. హిప్సిలోఫోడాన్ పై దవడ పళ్లకు బయటివైపు, కింది దవడ పళ్లకు లోపలివైపు ఎనామిల్ మందంగా ఉంటుంది. పై పళ్లూ కింది పళ్లూ రాసుకున్నప్పుడు మెత్తని వైపు ముందు అరిగి, గట్టి వైపు పదునుగా నిలుస్తుంది. నమిలే కొద్దీ సానపట్టినట్టే. పన్ను మీద ఏటవాలు చదును ముఖం కనబడి, పక్కపక్క పళ్ల మీద కూడా అదే కోణం కొనసాగితే ఆ జంతువు మేతను మింగేయలేదు, నమిలింది అని చెప్పవచ్చు.

నాలుగోది నోట్లో పళ్ల అమరిక. హిప్సిలోఫోడాన్ పై దవడ ముందు భాగంలో ఒక్కో పక్క అయిదేసి చిన్న మొనదేలిన పళ్లు, వాటి ముందు పక్షి ముక్కులాంటి కొమ్ము తొడుగు ఉండేవి. వెనుక దంతాల వరస దవడ అంచుకు కొంచెం లోపలగా ఉంటుంది. ఆ ఖాళీని కప్పుతూ బుగ్గలాంటిది ఉండి, నమిలే మేత బయట పడకుండా ఆపేదని చాలామంది భావన. ముక్కుతో తుంచడం, వెనుక పళ్లతో నమలడం, రెండు పనులు రెండు చోట్ల.

ఒక్క చోట జాగ్రత్త. కోరలు కనబడగానే మాంసాహారి అనేయకండి. దక్షిణాఫ్రికాలో దొరికి 1962లో పేరు పెట్టిన హెటెరోడాంటోసారస్‌కు ముందువైపు పొడవాటి కోరలు, వెనుక ఉలిలాంటి నమిలే పళ్లు ఉన్నాయి. మగవి కొట్లాడుకోవడానికే ఆ కోరలు అని కొందరు అనుకున్నారు. 2008లో వివరించిన పిల్ల పుర్రెలో కూడా కోరలు కనబడ్డాయి. పెద్దయ్యాక, అదీ మగవాటికే వచ్చే అలంకారం అయితే అంత చిన్నప్పుడే ఉండనక్కర్లేదు కదా. తనను తాను కాపాడుకోవడానికో, అప్పుడప్పుడు పురుగునో బల్లినో తినడానికో పనికొచ్చి ఉండవచ్చు. శాకాహారి అన్నంత మాత్రాన పురుగు ముట్టదని కాదు. మన కోళ్లను చూడండి, గింజలూ తింటాయి, చెదలూ తింటాయి.

అడుగు 3: అది డైనోసారేనా?

పన్ను తిండిని చెబుతుంది. వంశాన్ని అంత నమ్మకంగా చెప్పదు. ఈ మాట పరిశోధకులకే ఒక గట్టి దెబ్బతో అర్థమైంది.

1989లో అమెరికాలో ట్రయాసిక్ కాలపు (డైనోసార్లు మొదట పుట్టిన కాలం) రాళ్లలో దొరికిన ఆకు ఆకారపు పళ్లకు రెవుల్టోసారస్ అని పేరు పెట్టారు. పళ్లు అచ్చం తొలి శాకాహార డైనోసార్ల పళ్లలాగే ఉన్నాయి కాబట్టి ఆ వంశంలోనే చేర్చారు. తర్వాత అరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్‌లో అవే పళ్లున్న పుర్రెలు, ఎముకలు దొరికాయి. 2005 నాటికి తేలిందేమిటంటే అది డైనోసార్ కాదు, మొసళ్ల వైపు వంశానికి చెందిన జంతువు. ఒకే రకం మేత తింటే వేరువేరు వంశాల పళ్లు కూడా ఒకేలా మారతాయి. ఆ ఒక్క దెబ్బకు ట్రయాసిక్ పళ్ల మీద కట్టిన చాలా కథలు మళ్లీ మొదటికొచ్చాయి.

అందుకని పన్ను తర్వాత ఈ మూడు ఎముకల కోసం చూడండి.

కింది దవడ కొసన, రెండు దవడ ముక్కలూ కలిసే చోట, విడిగా ఒక చిన్న ఎముక ఉంటే అది ఆర్నితిస్కియన్ అనే శాకాహార డైనోసార్ వర్గానిదే. ముక్కు తొడుగుకు ఆధారం ఆ ఎముకే. ఇతర శాకాహార డైనోసార్లలో ఉండదు.

తుంటి ఎముకల్లో జఘనాస్థి (తుంటి కింది భాగపు ఎముక) వెనక్కి తిరిగి ఉండాలి. ఆదివారం కోడిని కోయించినప్పుడు నడుము భాగం చూడండి, సన్నని పుల్లలాంటి ఎముక తోకవైపు సాగి ఉంటుంది. ఆ పోలిక వల్లే ఈ వర్గానికి పక్షి తుంటివి అని అర్థమొచ్చే పేరు వచ్చింది. చిత్రమేమిటంటే పక్షులు పుట్టింది ఈ వర్గంలోంచి కాదు, మాంసాహార డైనోసార్లలోంచి.

మూడోది వెన్నెముక పొడవునా, ముఖ్యంగా తోక మీద, ఎముకగా గట్టిపడిన స్నాయువుల (కండరాన్ని ఎముకకు కట్టే తాళ్ల) కట్టలు. చీపురుపుల్లలు పేర్చినట్టు కనబడతాయి.

ఇక్కడో మాట. చిన్న శాకాహారులన్నీ ఈ వర్గానివే కావు. పొడవు మెడ డైనోసార్ల తొలి బంధువులు కూడా తర్వాతి వాటితో పోలిస్తే చిన్నవే. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా మలేరి రాతిపొరల నుంచి 2011లో వివరించిన నంబాలియా, జక్లపల్లిసారస్ అలాంటివే. మన ఊళ్ల పేర్లు మోస్తున్న డైనోసార్లు అవి. వాటికి పైన చెప్పిన దవడ కొస ఎముక ఉండదు, జఘనాస్థి ముందుకే ఉంటుంది.

అడుగు 4: చిన్నదా, పిల్లదా?

హిప్సిలోఫోడాన్ కథ ఈ తప్పుతోనే మొదలైంది. 1849లో ఐల్ ఆఫ్ వైట్‌లో ఎముకలున్న రాతి దిమ్మె దొరికితే మాంటెల్, శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ ఇద్దరూ దాన్ని పిల్ల ఇగువానోడాన్ అనుకున్నారు. ఆ దీవిలో చర్చి పని చూసుకుంటూ తీరిక దొరికితే తీరం వెంట శిలాజాలు ఏరిన విలియం ఫాక్స్ అనే మతగురువు ఒక పుర్రె సంపాదించాడు. దాని పళ్లు ఇగువానోడాన్ పళ్లలా లేవు. ఆ పుర్రె ఆధారంగా జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ 1869లో ఇది వేరే జంతువని ప్రకటించి, ఫాక్స్ పేరు కలిపి హిప్సిలోఫోడాన్ ఫాక్సీ అని పిలిచాడు. ఇరవై ఏళ్లపాటు ఒక జాతి మొత్తం ఇంకోదాని పిల్లగా బతికింది.

ఈ రోజు అలా ఊహించనక్కర్లేదు. చెట్టు మానును అడ్డంగా కోస్తే వలయాలు కనబడినట్టే తొడ ఎముకనో కాలి ఎముకనో అడ్డంగా కోసి, వెలుతురు దూరేంత పలచగా అరగదీసి, మైక్రోస్కోప్ కింద పెడతారు. చూడవలసినవి: రక్తనాళాలు నడిచిన రంధ్రాలు దట్టంగా ఉన్నాయా, పెరుగుదల ఆగి మళ్లీ మొదలైన గీతలు ఎన్ని, బయటి అంచుకు వచ్చేసరికి ఆ గీతలు దగ్గరపడ్డాయా? రంధ్రాలు దట్టంగా ఉండి గీతలు లేకపోతే ఇంకా ఎదుగుతున్న పిల్ల. అంచున గీతలు ఒత్తుగా ఉంటే ఎదుగుదల ముగింపుకొచ్చింది.

కొలరాడోలోని ఫ్రూటా దగ్గర దొరికిన ఫ్రూటాడెన్స్‌ను 2010లో పరిచయం చేసినప్పుడు ఈ పరీక్షే నిలబెట్టింది. పొడవు 65 నుంచి 75 సెంటీమీటర్లు, బరువు కిలోకు కూడా తక్కువ. వింటే ఎవరైనా పిల్ల అంటారు. ఎముక కోత చూస్తే పెద్దవి అప్పటికే దాదాపు ఎదిగినవని తేలింది. తెలిసిన శాకాహార డైనోసార్లలో అతి చిన్నవాటిలో ఇదొకటి.

కోయడానికి వీల్లేకపోతే వెన్నుపూసల మీద చూడండి. పూస దిమ్మె, దాని పై విల్లు మధ్య అతుకు గీత స్పష్టంగా ఉంటే సాధారణంగా అది ఇంకా ఎదుగుతున్న జంతువు. కళ్లు మరీ పెద్దవిగా, ముఖం పొట్టిగా ఉన్నా అనుమానించండి. ఆస్ట్రేలియాలోని డైనోసార్ కోవ్ నుంచి 1989లో పేరు పెట్టిన లియెలినాసారా కళ్ల గుంటలు పెద్దవి. ఆ ప్రాంతం అప్పట్లో దక్షిణ ధ్రువ వలయం లోపల ఉండేది కాబట్టి, నెలల తరబడి చీకట్లో చూడటానికి అంత కళ్లు అన్నారు. కావచ్చు. కానీ ఆ పుర్రె పిల్లది, పిల్లలకు కళ్లు పెద్దవిగానే ఉంటాయి. పెద్ద జంతువు పుర్రెతో పోల్చే దాకా ఆ వివరణను పెన్సిల్‌తోనే రాసుకోవాలి.

అడుగు 5: అన్నీ ఒకే జంతువు ఎముకలేనా?

నా లెక్కలో ఎక్కువమంది జారిపోయే మెట్టు ఇది.

మలేరి పొరల నుంచే శిలాజ శాస్త్రవేత్త శంకర్ ఛటర్జీ 1987లో ఒక చిన్న డైనోసార్‌ను పరిచయం చేశారు. మొదటి పేరు వాకేరియా. ఆ పేరు అప్పటికే వేరే జీవికి ఉండటంతో 1994లో ఆల్వాకేరియా అయింది. దవడల కొసలు, కొన్ని వెన్నుపూసలు, ఒక తొడ ఎముక, ఒక చీలమండ ఎముక. పళ్లు రకరకాలుగా ఉండటంతో మొక్కలూ పురుగులూ రెండూ తినేదన్నారు. తర్వాత మళ్లీ పరిశీలించినవాళ్లు ఇవన్నీ ఒకే జంతువువి కావన్నారు. తొడ ఎముక, చీలమండ డైనోసార్‌వే, దవడ మాత్రం డైనోసార్‌ది కాకపోవచ్చు. అంటే తిండి గురించి చెప్పిన మాట ఒక జంతువుది, నడక గురించి చెప్పింది ఇంకోదానిది.

గుడ్ల దగ్గరా ఇదే. అమెరికాలోని మోంటానాలో ఓరోడ్రోమియస్ అనే చిన్న శాకాహారి ఎముకలు గుడ్ల గూళ్ల దగ్గర దొరికాయి. 1988లో ఆ గుడ్లు దానివే అన్నారు. గుడ్డు లోపలి పిండాన్ని ఇంకా శుభ్రం చేసి చూశాక, 1996లో అదే పరిశోధకులు తమ మాట తామే దిద్దుకున్నారు: పిండం ట్రూడాన్ అనే వేటాడే డైనోసార్‌ది. పక్కన పడి ఉండటం చుట్టరికం కాదు.

కాబట్టి ఈ ప్రశ్నలు అడగండి. ఎముకలు కీళ్ల దగ్గర కలిసే ఉన్నాయా, చెల్లాచెదురుగా ఉన్నాయా? కుడి తొడ ఎముకలు రెండు ఉన్నాయా? అన్నిటి రంగూ, పగుళ్లూ, అరుగుదలా ఒకేలా ఉన్నాయా? తవ్వినప్పుడు గీసిన పటం ఉందా? వ్యాపారుల చేతులు మారి వచ్చిన శిలాజాలైతే ఇంకా కఠినంగా చూడాలి. చైనాలోని లియావోనింగ్ నుంచి వచ్చే సిట్టకోసారస్ లాంటి చిన్న శాకాహారుల అస్థిపంజరాల్లో వేరువేరు జంతువుల ముక్కలు జిగురుతో అతికినవి ఉన్నాయి.

అడుగు 6: కాళ్ల కొలతలు, నడక

మోకాలి కింది ఎముక తొడ ఎముక కన్నా పొడవుంటే పరుగుకు తగిన కాలు. హిప్సిలోఫోడాన్‌ది అలాంటిదే. అయినా 20వ శతాబ్దంలో చాలాకాలం అది చెట్లెక్కేదని బొమ్మలు గీశారు. 1912లో ఆస్ట్రియా శాస్త్రవేత్త ఓథెనియో ఆబెల్ దాని మొదటి కాలివేలు వెనక్కి తిరిగి కొమ్మను పట్టుకునేదన్నాడు. 1970లలో పీటర్ గాల్టన్ ఎముకలను మళ్లీ కూర్చి చూస్తే ఆ వేలు మిగతావాటితో పాటు ముందుకే ఉంది. వీపు మీద కవచం ఉండేదన్న మాట కూడా 2008లో పోయింది. ఆ పలకలు చర్మం మీదివి కావు, పక్కటెముకల మధ్యవి. కాబట్టి కాలు గురించి ఏదైనా చదివితే కీలు ఎటు వంగుతుందో ఎముక ముఖం మీద చూపించారా అని చూడండి.

అడుగు 7: పొట్ట, చర్మం

దొరికితే అదృష్టం. సిట్టకోసారస్ పొట్ట భాగంలో నున్నని గులకరాళ్లు గుట్టగా కనబడ్డాయి. కోడి కందనకాయ కోస్తే లోపల ఇసుక రేణువులు వచ్చినట్టే, మేత నూరడానికి మింగినవి. రాళ్లు పక్కటెముకల లోపలే ఉండాలి, చుట్టూ ఉన్న మట్టిలో అలాంటివి ఉండకూడదు. అప్పుడే నమ్మండి.

చర్మం విషయంలో 2009లో చైనా నుంచి టియాన్యులాంగ్, 2014లో సైబీరియా నుంచి కులిందాడ్రోమియస్ వచ్చి చాలా అభిప్రాయాలు మార్చేశాయి. రెంటికీ ఒంటి మీద వెంట్రుకల్లాంటి పోగులున్నాయి. రెండోదానికి పొలుసులు కూడా ఉన్నాయి.

అడుగు 8: ఎముక లేని సాక్ష్యం

చిన్న శాకాహారి పాదముద్ర మూడు వేళ్లతోనే ఉంటుంది, కానీ వేళ్లు కాస్త మొద్దుగా, ఎడంగా ఉంటాయి, కొసన పదునైన గోటి గుర్తు ఉండదు. పక్కన అయిదు వేళ్ల చిన్న చెయ్యి ముద్ర దొరికితే సందేహం చాలావరకు తీరుతుంది. అమెరికాలోని కనెక్టికట్ లోయలో ఎడ్వర్డ్ హిచ్‌కాక్ 1848లో పేరు పెట్టిన అనోమోపస్ ముద్రల్లో జంతువు బురదలో కూర్చున్నప్పుడు పడిన మడమ గుర్తులు కూడా ఉన్నాయి.

బొరియ సాక్ష్యం మాత్రం వివరంగా చెప్పుకోవలసినది. 2007లో డేవిడ్ వారికియో, ఆంథొనీ మార్టిన్, యోషిహిరో కత్సురా మోంటానా నుంచి ఓరిక్టోడ్రోమియస్ అనే డైనోసార్‌ను పరిచయం చేశారు. సుమారు 9 కోట్ల 50 లక్షల ఏళ్ల నాటిది. బురదరాయి మధ్యలో వంపులు తిరిగిన గొట్టంలా ఇసుకరాయి, అడ్డంగా ముప్ఫై సెంటీమీటర్ల పైచిలుకు, పొడవు సుమారు రెండు మీటర్లు. ఆ గొట్టం చివర వెడల్పైన గది, గదిలో ఒక పెద్ద జంతువు, రెండు పిల్లల ఎముకలు.

బొరియ అని ఎలా నమ్మాలి? చుట్టూ రాయి ఒకటి, లోపల నిండిన రాయి ఇంకొకటి కావడం మొదటి ఆధారం, అంటే ముందు ఖాళీ ఉండి తర్వాత ఇసుక వచ్చి నిండింది. గొట్టం వెడల్పు పెద్ద జంతువు ఒళ్లు పట్టేంతే ఉండటం రెండోది. మూడోది జంతువు ఒంట్లోనే ఉంది: వెడల్పైన మూతి, బలమైన భుజం ఎముకలు, తవ్వేటప్పుడు ఆనించి నిలబడటానికి గట్టిపడిన తుంటి. ఏ ఒక్కటీ విడిగా సరిపోదు, మూడూ కలిసి ఒకే దిక్కు చూపించాయి. పిల్లలు అప్పటికే పెద్దదానిలో సగానికి మించి ఎదిగి కూడా పెద్దదానితోనే ఉన్నాయి కాబట్టి సాకడం చాలాకాలం సాగేదని వాళ్లు రాశారు. అంత దూరం వెళ్లడానికి ఆ గది చాలని నాకూ అనిపిస్తుంది.

అడుగు 9: మన నేల మీద మీకే దొరికితే

2020లో తెలంగాణలోని కోట అనే పేరున్న రాతిపొరల నుంచి ఆర్నితిస్కియన్‌ల పళ్లు వచ్చాయని పరిశోధన వెలువడింది. అలాంటి పళ్లు నడుస్తుంటే కంటికి కనబడవు. మట్టిని సంచులకెత్తి, నీళ్లలో నానబెట్టి, సన్నని జల్లెడలో కడిగి, ఆరాక మిగిలిన రేణువులను మైక్రోస్కోప్ కింద ఒక్కొక్కటిగా ఏరాలి. బియ్యంలో రాళ్లేరినంత ఓపిక కావాలి. రెవుల్టోసారస్ గుర్తుంది కాబట్టి, ఆ పళ్లకు తోడు ఒక్క దవడ కొస దొరికితే బాగుండునని నా కోరిక. అది దొరికేది ఆ ఊళ్లలో పశువులు కాసేవాళ్లకో, బావి తవ్వేవాళ్లకో కావచ్చు.

రాతిలో ఎముకలాంటిది కనబడితే పెకలించకండి. నాలుగు వైపుల నుంచి, పక్కన స్కేలో పెన్నో పెట్టి, ఫొటోలు తీయండి. తర్వాత నాలుగడుగులు వెనక్కి వచ్చి గట్టు మొత్తం, పొరలు కనబడేలా ఇంకొకటి తీయండి. చాలామంది మరిచిపోయేది ఈ ఫొటోనే. ఫోన్లో లొకేషన్ గుర్తు పెట్టుకోండి. వాన వచ్చి కొట్టుకుపోతుందన్న భయం ఉంటే, విడిగా పడి ఉన్న ముక్కను మాత్రమే కాగితంలో చుట్టి, దొరికిన చోటు, తేదీ ఆ కాగితం మీదే రాయండి. కడగకండి, జిగురు పూయకండి. ఆ వివరాలతో హైదరాబాద్ బండ్లగూడలోని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయానికి గానీ, దగ్గరి యూనివర్సిటీ జియాలజీ విభాగానికి గానీ తెలియజేయండి. వాళ్లు మొదట అడిగేది ఎముక గురించి కాదు, ఏ పొరలో, ఎంత ఎత్తున దొరికింది అని.